ఎనిమిది సెకన్ల కిందటి మీరు: మూడు వీడియో పనులను ఒక గదిలో నిలబెట్టడం

అడిగింది క్లుప్తంగా ఇదీ. ఫైన్ ఆర్ట్స్ చివరి ఏడాది ప్రదర్శన. గది 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు. పనులు మూడు: ఫోన్లో సెకనుకు 240 ఫ్రేములతో తీసిన స్లోమోషన్ ముఖం, లోపలికి వచ్చినవాళ్లే కాస్త ఆలస్యంగా తెరమీద కనిపించే లైవ్ పని, వాట్సాప్‌లో తిరిగి తిరిగి అరిగిపోయినట్టు కనిపించాల్సిన పెళ్లిఫొటో. చేతిలో 3,000 లూమెన్ల ఫుల్ హెచ్‌డీ డీఎల్‌పీ ప్రొజెక్టర్, 43 అంగుళాల టీవీ, పాత 22 అంగుళాల మానిటర్, ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్ ఉన్నాయి. ఇబ్బందులు నాలుగు: స్లోమోషన్ మినుకుమంటోంది, లూప్ తిరిగేచోట, అంటే వీడియో అయిపోయి మళ్లీ మొదలయ్యేచోట, తెర నల్లబడుతోంది, ఫొటోను ఎన్నిసార్లు సేవ్ చేసినా చెడటం లేదు, ఆలస్యం ఎలా పుట్టించాలో తెలియడం లేదు.

ఇలాంటి చిక్కుల్లో చాలావాటికి మూలం యంత్రాలు తమంతట తాము నిర్ణయాలు తీసుకోవడం. కెమెరా వెలుతురును తానే సరిచేసుకుంటుంది, టీవీ లేని ఫ్రేములను తానే పుట్టిస్తుంది, ప్లేయరు లూపు మధ్యలో తనకు కావలసినంత ఊపిరి పీల్చుకుంటుంది. సినిమా చూసేటప్పుడు ఇవి ఎవరికీ పట్టవు. కాలమూ చూపూ వస్తువుగా తీసుకున్న పనిలో మాత్రం చూసేవాళ్లకు మొదట కనబడేది ఇవే. అందుకే ప్రతి యంత్రంలోనూ 'ఆటో' అన్న మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి, అక్కడల్లా నిర్ణయం మీరు తీసుకోవాలి.

ఆలస్యపు గదితో మొదలుపెడదాం, మిగతా రెండింటి చోటు దాన్నిబట్టే తేలుతుంది. దీనికి పెద్దదిక్కు అమెరికన్ కళాకారుడు డాన్ గ్రాహం 1974లో చేసిన 'ప్రెజెంట్ కంటిన్యువస్ పాస్ట్(స్)'. అద్దాలున్న గది, గోడలో కెమెరా, దాని కింద మానిటర్. మానిటర్‌లో కనిపించేది 8 సెకన్ల కిందటి గది. కెమెరా ఎదుటి అద్దాన్నీ, ఆ అద్దంలో పడిన మానిటర్ బొమ్మనూ చూస్తుంది కాబట్టి తెర లోపలి తెరలో 16 సెకన్ల కిందటి గది, దాని లోపల 24 సెకన్ల కిందటిది, అలా వెళ్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో ఆలస్యం పుట్టించే పద్ధతి చక్కనిది: ఒక మెషీన్ రికార్డు చేసిన టేపు నేరుగా పక్క మెషీన్‌లోకి వెళ్లి ప్లే అయ్యేది. అర అంగుళం టేపు సెకనుకు 7.5 అంగుళాలు నడిస్తే, 8 సెకన్లకు రికార్డు చేసే హెడ్‌కూ ప్లే చేసే హెడ్‌కూ మధ్య 60 అంగుళాల టేపు ఉండాలి. కాలాన్ని అడుగుబద్దతో కొలిచి గదిలో పరచడమే అది. ఇప్పుడు ఆ ఐదడుగుల టేపు స్థానంలో ల్యాప్‌టాప్ ర్యామ్ ఉంది.

ర్యామ్ ఎంత కావాలో ముందే లెక్క వేసుకోండి. 1,280 × 720 పిక్సెళ్ల ఫ్రేము, పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున, దాదాపు 1.84 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములు, 8 సెకన్లు: 240 ఫ్రేములు, అంటే 440 ఎంబీ. అదే ఫుల్ హెచ్‌డీ అయితే 1 జీబీకి దగ్గర. 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌కు 720 హాయిగా సరిపోతుంది, ఈ పనికి అంతకుమించిన స్పష్టత అక్కర్లేదు కూడా. ఉచితంగా దొరికే ఓబీఎస్ స్టూడియో అనే వీడియో సాఫ్ట్‌వేర్ చాలు. వెబ్‌క్యామ్‌ను వీడియో క్యాప్చర్ డివైస్‌గా చేర్చి, దాని ఫిల్టర్లలో 'వీడియో డిలే (అసింక్)' పెట్టి 8000 మిల్లీసెకన్లు ఇవ్వండి. చాలామంది పొరపడేది ఇక్కడే: 'రెండర్ డిలే' అని మరో ఫిల్టర్ ఉంటుంది, అది 500 మిల్లీసెకన్లు దాటదు. దాన్ని పెట్టుకుని ఆలస్యం పెరగడం లేదని తల పట్టుకుంటారు. టచ్‌డిజైనర్ అనే లైవ్ విజువల్స్ సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లయితే క్యాష్ టాప్‌లో 240 ఫ్రేములు నిల్వచేసి అన్నిటికంటే పాతదాన్ని బయటికి తీయొచ్చు. ఉచిత వెర్షన్ హద్దు 1,280 పిక్సెళ్లే, మనకు అదే కావాలి.

మీరు పెట్టిన 8 సెకన్లు తెరమీద 8 సెకన్లు కావు. కెమెరా, యూఎస్‌బీ, ల్యాప్‌టాప్, టీవీ తలా కొంత కలుపుతాయి. కొలవడం సులువే: ఒక ఫోన్లో స్టాప్‌వాచ్ నడుపుతూ కెమెరా ముందు పట్టుకోండి, ఇంకో ఫోన్‌తో ఆ స్టాప్‌వాచ్‌నూ టీవీనీ ఒకే ఫొటోలో తీయండి. రెండు అంకెల తేడా 8.18 వస్తే సెట్టింగును 7820కి దించండి. ఇది చాదస్తం కాదు. తెరలో తెర కనిపించినప్పుడు ఆ పొరపాటు ప్రతి పొరలోనూ మళ్లీ కలుస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. దాంతో టీవీ కలిపే ఆలస్యం తగ్గుతుంది, లేని ఫ్రేములను పుట్టించే మోషన్ స్మూదింగ్ కూడా చాలావాటిలో ఆగిపోతుంది. ఆగకపోతే విడిగా ఆపండి. ఎనర్జీ సేవింగ్, కొన్ని గంటలకు దానంతటదే ఆరిపోయే ఆప్షన్ రెండూ తీసేయండి.

ఎంత ఆలస్యం ఉండాలి? సెకనులోపు అయితే కాల్ సరిగ్గా కలవనట్టు చికాకు పుడుతుంది, అంతే. రెండు మూడు సెకన్లకు జనం చెయ్యి ఊపి, అది తిరిగొచ్చేదాకా ఎదురుచూసి నవ్వుకుంటారు. 20 సెకన్లు దాటితే ఎప్పుడో రికార్డు చేసిన వీడియో అనుకుని వెళ్లిపోతారు. ఎనిమిది దగ్గర మనిషి తను చేసిన పనిని అప్పుడే మరిచిపోయి ఉంటాడు, తెరమీద తనను తాను పరాయివాడిలా చూసి ఉలిక్కిపడతాడు. నా మాట వింటే 6 నుంచి 10 మధ్యలోనే ఉండండి.

ఇక్కడ ఎక్కువగా చెడేది కెమెరా. మసక వెలుతురులో వెబ్‌క్యామ్ ఎక్స్‌పోజర్ పెంచుకోవడానికి చెప్పకుండా సెకనుకు 30 ఫ్రేములను 15కి దించేస్తుంది, కదలిక తుంపులు తుంపులుగా వస్తుంది. తెల్లచొక్కా మనిషి రాగానే గదంతా చీకటవుతుంది, తెరలోని తెరలో ఆ చీకటి ఎనిమిది సెకన్లకోసారి అలలా కొట్టుకుంటుంది. కాబట్టి ఎక్స్‌పోజర్, గెయిన్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ నాలుగూ మాన్యువల్. విండోస్‌లో ఎక్స్‌పోజర్ అంకె మైనస్‌లలో కనిపిస్తుంది: మైనస్ 5 అంటే షట్టర్ సెకనులో 32వ వంతు తెరిచి ఉండటం, మైనస్ 6 అంటే 64వ వంతు. 30 ఫ్రేములకు మైనస్ 5 సరిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అందువల్ల మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి, 32వ వంతు షట్టర్‌కు అది లెక్కగా సరిపోదు, సన్నటి చారలు పాకుతుంటాయి. అందుకే ఈ గదికి మంచి అడాప్టర్‌తో నడిచే డీసీ ఎల్ఈడీ స్ట్రిప్ పెట్టండి, మధ్యలో డిమ్మర్ వద్దు, చవక డిమ్మర్లు లైటును ఆర్పుతూ వెలిగిస్తూనే తగ్గిస్తాయి. వెలుతురు ఎక్కువైతే స్ట్రిప్ కత్తిరించి పొడవు తగ్గించండి.

గ్రాహం గదిలోలాగే కెమెరా కింద టీవీ. దానికి ఎదురుగా కనీసం 6 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు అద్దం, రెండింటికీ మధ్య 9, 10 అడుగులు. టీవీ బ్రైట్‌నెస్ బాగా దించి, తెరలో ముఖం, గదిలో ముఖం ఇంచుమించు ఒకే వెలుతురులో ఉండేలా చూడండి. లేదంటే అద్దంలోని తెర కెమెరాకు తెల్లటి పలకలా కనిపించి లోపలి పొరలు మాయమవుతాయి. అద్దాన్ని ఒకటి రెండు డిగ్రీలు పక్కకు వంచితే పొరలు ఒకదాని వెనక ఒకటి దాక్కోకుండా వంపు తిరిగి కనిపిస్తాయి.

కెమెరా ఉందని గుమ్మంలోనే తెలుగులోనూ ఇంగ్లిషులోనూ బోర్డు పెట్టండి. బొమ్మ ర్యామ్‌లో కాసేపు ఉండి చెరిగిపోతుంది, ఎక్కడా భద్రపరచడం లేదు అని స్పష్టంగా రాయండి, ఆ మాట నిజంగా నిలబెట్టుకోండి. ఓబీఎస్‌లో రికార్డు బటన్ ఎవరి చెయ్యీ తగలని చోట ఉండాలి.

ఇక స్లోమోషన్ ముఖం. మినుకుకు కారణం పైన చెప్పిన 100 హెర్ట్జే. 240 ఫ్రేములతో తీసి 30 ఫ్రేములతో వేస్తే కాలం 8 రెట్లు సాగుతుంది, లైటు మినుకు కూడా 8 రెట్లు సాగి సెకనుకు 12.5 సార్లుగా తేలుతుంది. కంటికి ఇబ్బంది మాత్రమే కాదు, మినుకు వెలుతురుకు వచ్చే (ఫోటోసెన్సిటివ్) మూర్ఛ ఉన్నవాళ్లకు ప్రమాదం. సెకనుకు మూడు మెరుపులు మించకూడదన్నది అందరూ పాటించే హద్దు. ఎడిటింగ్‌లో ఫ్లికర్ తీసేసే ప్లగిన్లు ముఖం మీద పూర్తిగా పనిచేయవు, చర్మం మీద మబ్బులు పాకినట్టుంటుంది. మళ్లీ తీయడమే మేలు. 480వ వంతు షట్టర్‌కు మామూలు 50వ వంతుతో పోలిస్తే దాదాపు పదిరెట్ల వెలుతురు కావాలి. ఉదయం పది గంటల ఎండను తెల్ల దుప్పటిలోంచి వడగట్టితే అంత మంచి లైటు అద్దెకు కూడా దొరకదు. లోపలే తీయాలంటే బ్యాటరీతో నడిచే ఎల్ఈడీ ప్యానెల్ తెచ్చి, పూర్తి బ్రైట్‌నెస్‌లో పెట్టండి, తగ్గించాలంటే దూరం జరపండి.

ఫోన్ ఫైల్‌లో ఇంకో చిక్కు ఉంది: ఫ్రేముల మధ్య వ్యవధి సమానంగా ఉండదు. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో కన్వర్టర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కు మార్చాకే ఎడిటింగ్‌లోకి తీసుకోండి. ఫోన్ 960 అని చూపించే మోడ్ వాడకండి. చాలా ఫోన్లలో అది సెకనులో కొద్ది భాగమే తీస్తుంది, లేదా మధ్య ఫ్రేములను ఊహించి పూరిస్తుంది.

నెమ్మది రెండు రకాలు, ఏది కావాలో తేల్చుకోండి. వీడియో కళాకారుడు బిల్ వయోలా 1995లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనకు చేసిన 'ద గ్రీటింగ్'లో దాదాపు 45 సెకన్ల కలయికను 35 ఎంఎం ఫిల్మ్ మీద సెకనుకు 300 ఫ్రేములతో తీశారు. 45ను 300తో గుణిస్తే 13,500 ఫ్రేములు, 24తో భాగిస్తే తొమ్మిదిన్నర నిమిషాలకు దగ్గర. అక్కడ ప్రతి క్షణం నిండుగా ఉంటుంది, బట్ట ముడత విచ్చుకోవడం కూడా ఒక సంఘటన. స్కాట్లాండ్ కళాకారుడు డగ్లస్ గోర్డన్ 1993లో చేసిన '24 అవర్ సైకో' దీనికి ఎదురుదారి: హిచ్‌కాక్ 'సైకో' సినిమానే 24 గంటలకు సాగదీశాడు, అంటే సెకనుకు దాదాపు రెండు ఫ్రేములు. కదలిక విరిగిపోయి నిశ్చల చిత్రాల వరసగా మారుతుంది, తర్వాత ఏం వస్తుందో తెలిసిన మనసు ముందుకు పరుగెత్తుతుంది, కన్ను వెనక ఉండిపోతుంది. ఈ రెంటికీ మధ్యలో సాఫ్ట్‌వేర్ ఇచ్చే దారి మాత్రం వద్దు. ఫ్రేమ్ బ్లెండింగ్ పెడితే దెయ్యంలా రెండు ముఖాలు కలుస్తాయి. ఆప్టికల్ ఫ్లో పెడితే వేళ్లు, కనురెప్పల అంచులు జిగురులా సాగుతాయి. మీకు 240 నిజమైన ఫ్రేములు ఉన్నాయి, ఉన్న ఫ్రేములనే వేసే ఫ్రేమ్ శాంప్లింగ్ మాత్రమే ఎంచుకోండి. 20 సెకన్ల షాట్‌కు 4,800 ఫ్రేములు, 30తో వేస్తే 2 నిమిషాల 40 సెకన్లు.

30 ఎందుకు, మనది 25 కదా అంటారు. ల్యాప్‌టాప్ బయటికి పంపేది సాధారణంగా 60 హెర్ట్జ్. 25 ఫ్రేములను 60లో సర్దాలంటే ఒక్కో ఫ్రేముకు 2.4 వాటా వస్తుంది, కాబట్టి కొన్ని రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనిపిస్తాయి. మామూలు వీడియోలో తెలియదు. తల మెల్లగా తిరిగే షాట్‌లో గుండె లయ తప్పినట్టు తెలుస్తుంది. 30 అయితే ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు. 25లోనే ఉంచాలనుకుంటే అవుట్‌పుట్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చండి, ప్రొజెక్టర్ దాన్ని అందుకుంటుందో లేదో ముందే చూసుకోండి.

చూపు యంత్రంతో ఎలా తగువు పడుతుందో ప్రయోగంగా చూడాలంటే ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ చాలు. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 250 సార్లు తిరుగుతుంటే సెకనుకు 12.5 రెక్కలు దాటుతాయి. 25 ఫ్రేములతో, 500వ వంతు షట్టర్‌తో, పగటి వెలుతురులో తీయండి. ఫ్రేముకు రెక్క రెండు రెక్కల మధ్య దూరంలో సరిగ్గా సగం జరుగుతుంది, తెరమీద ఆరు రెక్కల ఫ్యాన్ కదలకుండా నిలబడి ఉంటుంది. రెగ్యులేటర్ కాస్త తిప్పితే అది మెల్లగా ముందుకో వెనక్కో పాకుతుంది. నాలుగో పని కావాలనుకుంటే దీనికి పైసా ఖర్చు లేదు.

లూప్ దగ్గర నల్లబడేది ప్లేయరు ఫైల్‌ను మూసి మళ్లీ తెరవడం వల్ల. టీవీకీ ప్రొజెక్టర్‌కూ వెనక యూఎస్‌బీ గుచ్చి వేస్తే ఫైల్ పేరు కూడా తెరమీద వస్తుంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి అరువు తెచ్చి ఎంపీవీ ప్లేయర్‌లో ఫైల్ లూప్ పెట్టండి. నల్లతెర రాదు, మహా అయితే చిన్న తడబాటు ఉంటుంది. దాన్ని కూడా తగ్గించాలంటే ఎడిటింగ్‌లోనే మీ 2 నిమిషాల 40 సెకన్లను 24 సార్లు అతికించి 64 నిమిషాల ఫైల్ చేయండి, తడబాటు గంటకు ఒక్కసారి. అతికించేటప్పుడు మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ ఒకటే కాకూడదు. చివరిది మొదటిదానికి ఒక్క ఫ్రేము ముందుదై ఉండాలి, లేకపోతే అక్కడ కాలం క్షణం గడ్డకడుతుంది. శబ్దం ఉంటే కుదించి దాచే ఏఏసీ ఆడియో వద్దు, ఆ కోడెక్ మొదట్లో కొంత ఖాళీని కలుపుతుంది, ప్రతి లూప్‌కూ 'టిక్' మంటుంది. కుదించని (అన్‌కంప్రెస్డ్) పీసీఎం ఆడియో పెట్టండి.

ప్రొజెక్షన్ కొలతలు. బొమ్మ 3 మీటర్ల వెడల్పు, 1.69 మీటర్ల ఎత్తు అనుకుందాం, విస్తీర్ణం 5.07 చదరపు మీటర్లు. 3,000 లూమెన్లను దానితో భాగిస్తే 590 లక్స్. పూర్తి చీకట్లో ఇది ఎక్కువే, ఎకో మోడ్‌లో పెట్టండి, ఫ్యాన్ హోరు కూడా తగ్గుతుంది. మీకు తక్కువయ్యేది వెలుగు కాదు, నలుపు. నలుపును వేయడం ప్రొజెక్టర్‌కు చేతకాదు, గోడ మీద అప్పటికే పడి ఉన్న వెలుతురే నలుపు. గోడ మీద 10 లక్స్ ఎక్కడినుంచో పడుతుంటే తెలుపు నలుపుల నిష్పత్తి 60:1కి పడిపోతుంది, ఎంత ఖరీదైన ప్రొజెక్టరైనా అంతే. తెల్లగోడల గదిలో బొమ్మ వెలుగే తిరిగి బొమ్మను పాడుచేస్తుంది. ఎదుటి గోడ, పక్కగోడలు, సీలింగ్ ముందుభాగం ముదురు బూడిదరంగు మ్యాట్ ఎమల్షన్ వేయండి, నేల మెరిసే టైల్ అయితే కార్పెట్ పరచండి. టెంట్‌హౌస్‌లో దొరికే నల్లగుడ్డ ఒక్క పొరైతే వెలుతురు దాటుతుంది, రెండు పొరలు కట్టండి.

ప్రొజెక్టర్ త్రో నిష్పత్తి (లెన్సు దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 1.5 అయితే 3 మీటర్ల బొమ్మకు లెన్సు 4.5 మీటర్ల దూరంలో ఉండాలి. మాన్యువల్‌లో మీ మోడల్ అంకె చూసుకుని గుణించండి. సీలింగ్‌కు తలకిందులుగా బిగించి, గోడకు సరిగ్గా ఎదురుగా పెట్టండి. కీస్టోన్ సున్నా. కీస్టోన్ అంటే వంకరగా పడే బొమ్మను సరిచేయడానికి పిక్సెళ్లను నలిపి మళ్లీ గీయడమే, చర్మం మీది సన్నటి రంధ్రాలు మొదట పోతాయి. నలుపు బూడిదగా తేలుతున్నా, నీడల్లో వివరమంతా మునిగిపోతున్నా హెచ్‌డీఎంఐ రేంజి చూడండి: ల్యాప్‌టాప్ 0 నుంచి 255 పంపుతుంటే ప్రొజెక్టర్ 16 నుంచి 235 అనుకుంటూ ఉండొచ్చు. రెండూ ఒకటిగా ఉండాలి.

వెనకనుంచి వేస్తే జనం నీడ పడదు. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనక ఉండేది, బొమ్మ తెరకు ఆనుకుని ఉండేది, కాబట్టి పల్చటి పంచె కూడా సరిపోయేది. ప్రొజెక్టర్‌తో అదే పంచె వాడితే లెన్సు గుడ్డలోంచి సూర్యుడిలా కుడుతుంది. దానికి మబ్బు రంగు రియర్ ప్రొజెక్షన్ షీటు కావాలి, తెర వెనక ఇంకో 15 అడుగులు కావాలి. మీ గదిలో కుదరదు.

ఇప్పుడు ఫొటో. ఒకే జేపెగ్‌ను ఒకే క్వాలిటీలో వందసార్లు సేవ్ చేసినా నాలుగైదుసార్ల తర్వాత దాదాపు ఏమీ మారదు. కారణం: జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గళ్లుగా కోసి, ఒక్కో గడి విలువలను గుండ్రపు అంకెలకు సవరిస్తుంది. ఒకసారి సవరించినది మళ్లీ సవరిస్తే అదే వస్తుంది. వాట్సాప్‌లో ఫార్వర్డ్ నొక్కినా అంతే, సర్వర్‌లో ఉన్న అదే ఫైల్ మరొకరికి చేరుతుంది. పెళ్లిఫొటోలు నిజంగా అరిగేది స్క్రీన్‌షాట్ తీసినప్పుడు, కత్తిరించినప్పుడు, స్టేటస్‌లో పెట్టినప్పుడు, పూలఫ్రేము తగిలించి ఇంకో యాప్‌కు మార్చినప్పుడు. అంటే గళ్లు జరిగినప్పుడు, కొలత మారినప్పుడు.

అదే మీరూ చేయాలి. బొమ్మలను ఆదేశాలతో మార్చే ఇమేజ్‌మ్యాజిక్‌ సాఫ్ట్‌వేర్‌లో చిన్న స్క్రిప్టు: బొమ్మను అడ్డంగా, నిలువుగా 1 నుంచి 7 లోపు యాదృచ్ఛికంగా కొన్ని పిక్సెళ్లు చుట్టూ జరపండి (ఒక అంచు దాటినవి ఎదుటి అంచులో రావాలి), క్వాలిటీ 40లో సేవ్ చేయండి, తెరిచి వెనక్కి జరపండి. ప్రతి పదోసారి 97 శాతానికి కుదించి మళ్లీ పెంచండి. 300 సార్లు. ప్రతి దశనూ పీఎన్‌జీగా విడిగా దాచండి. మొదట చీర అంచు రంగులు ఒకదానిలోకి ఒకటి కారతాయి, ఎందుకంటే జేపెగ్ రంగును వెలుగుకంటే తక్కువ వివరంతో దాస్తుంది. ముఖాలు ఆ తర్వాత పోతాయి. దశకు ఒక సెకను చొప్పున ఐదు నిమిషాలు. అంతకంటే వేగంగా నడిపితే ట్రిక్కులా ఉంటుంది.

దీన్ని మామూలు ఎంపీ4గా ఎక్స్‌పోర్ట్ చేస్తే కష్టమంతా పోతుంది. అందులో సాధారణంగా వాడే హెచ్.264 కుదింపు పద్ధతిలో గళ్ల అంచులను నునుపు చేసే ఫిల్టర్ ఉంది, మీరు కష్టపడి తెచ్చిన గళ్లను అది మర్యాదగా తుడిచేస్తుంది. పీఎన్‌జీల వరసనే స్లయిడ్‌షోగా నడపండి. 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌పై ఒక గడి 2 మిల్లీమీటర్లు, మీటరున్నర దూరంనుంచి పోల్చుకోవడం కష్టం. బొమ్మను 640 × 360లో తయారుచేసి, సరిగ్గా మూడు రెట్లు, అంచులను నునుపు చేయని నియరెస్ట్ నైబర్ పద్ధతిలో పెంచండి, గడి 6 మిల్లీమీటర్లవుతుంది. రెండున్నర రెట్లు లాంటి భిన్నాలు వాడితే కొన్ని గళ్లు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. మానిటర్‌లో షార్ప్‌నెస్‌ను మధ్యస్థానానికి తెచ్చి, డైనమిక్ కాంట్రాస్ట్ ఆపండి.

ఇక వరస. గుమ్మం పక్కన మసక వెలుతురులో మానిటర్, తర్వాత ఆలస్యపు గది, అక్కణ్నుంచి రెండు మలుపుల దారి, చివర ప్రొజెక్షన్. ఎండలోంచి వచ్చిన కన్ను చీకటికి అలవాటు పడటానికి నిమిషాలు పడుతుంది, ఈ వరస ఆ నిమిషాలను పనికి వాడుకుంటుంది. మలుపుల దారి నాలుగడుగుల వెడల్పుకు తగ్గకూడదు, చక్రాల కుర్చీ తిరగాలి, కరెంటు పోతే జనం బయటపడాలి, నేలమీద మెరిసే టేపు వేయండి. మలుపు గోడలు జిప్సం బోర్డుతోనో ప్లైవుడ్‌తోనో కట్టి లోపలివైపు నల్ల మ్యాట్ వేస్తే ఆలస్యపు గది వెలుతురు తెరదాకా రాదు. ప్రొజెక్షన్ ముందు వీపు ఆనించుకునే బల్ల ఒకటి ఉంచండి, నిలబడ్డ మనిషి రెండు నిమిషాల నలభై సెకన్లు ఉండడు. గుమ్మంలో ప్రతి పని నిడివీ రాయండి.

శబ్దం ఒక్క పనికే ఉండనివ్వండి, గుడ్డ గోడలు శబ్దాన్ని ఆపవు. స్పీకర్‌లో 'మ్‌మ్' అని హోరు వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి, ఆగితే అది గ్రౌండ్ లూప్ (ఎర్త్ తీగల ద్వారా వచ్చే హోరు), చిన్న ఐసొలేటర్ చాలు. హెచ్‌డీఎంఐ కేబుల్ పది మీటర్లు దాటితే మామూలుది నమ్మకండి, ఆప్టికల్‌ది తెచ్చుకోండి.

కరెంటు పోయి వచ్చాక అన్నీ వాటంతటవే మొదలవ్వాలి. ల్యాప్‌టాప్‌లలో పాస్‌వర్డ్ లేని లాగిన్, స్టార్టప్‌లో ఓబీఎస్, ఎంపీవీ, నోటిఫికేషన్లు, అప్‌డేట్లు, స్లీప్ అన్నీ ఆపేయాలి. ప్రొజెక్టర్‌ను యూపీఎస్ మీద పెట్టండి. ల్యాంపు మోడల్ అయితే వేడిగా ఉండగా ఫ్యాన్ ఆగిపోవడమే దాన్ని అన్నిటికంటే త్వరగా చంపుతుంది. ప్రారంభానికి రెండు రోజుల ముందు తలుపు వేసి మొత్తం వ్యవస్థను ఎనిమిది గంటలు నడపండి. ఎనిమిదో గంటలో స్టాప్‌వాచ్ పరీక్ష మళ్లీ చేయండి, ఆలస్యం మొదటి గంటలో ఉన్నంతే ఉందా అని. పెరిగి ఉంటే వెబ్‌క్యామ్ సెట్టింగుల్లో బఫరింగ్ ఆపి, రోజూ మధ్యాహ్నం ఓబీఎస్‌ను ఒకసారి మూసి తెరిచే బాధ్యత ఒకరికి అప్పజెప్పండి.